బ్రాకెట్లు విప్పండి: రష్యన్ బడి పిల్లల ఇంగ్లీషు అభ్యాసాలు

(ఇంగ్లీషు టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగం. చెప్పినది చెప్పినట్టే, కొద్దిపాటి సవరణలతో.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక, అందులోనూ పెరుగన్నం తిన్నాక, వ్యాకరణం గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టారు. నిర్వాహకులకు నా మీద ఏం కోపం ఉందో తెలీదు. కునుకు పట్టినవాళ్ళు మొహమాటపడకుండా పడుకోండి, నేనేమీ అనుకోను.

కొన్నేళ్ళు రష్యాలో ఉండి వచ్చినదాన్ని కాబట్టి అక్కడి పిల్లలు ఇంగ్లీషు ఎలా ప్రాక్టీసు చేస్తారో, అందులో మనం తీసుకోవాల్సింది ఏముందో చెప్పమన్నారు. మనకెందుకమ్మా వాళ్ళ గోల అని మీకనిపించొచ్చు. ఒక వాక్యం చెప్తాను, చూడండి. "ఆయన డాక్టర్." తెలుగులో రెండే మాటలు. రష్యన్‌లో "ఓన్ వ్రాచ్", అక్కడా రెండే. ఇంగ్లీషుకి వచ్చేసరికి నాలుగు: "హీ ఈజ్ ఎ డాక్టర్." మధ్యలో వచ్చిపడిన ఆ 'ఈజ్', ఆ 'ఎ' దగ్గరే మాస్కో పిల్లవాడూ తప్పు చేస్తాడు, మండపేట పిల్లవాడూ తప్పు చేస్తాడు. ఇద్దరూ "హీ డాక్టర్" అనే రాస్తారు.

ఇంకా ఉన్నాయి. మనం "నాకు చలిగా ఉంది" అంటాం, వాళ్ళు "మ్నే ఖోలద్న" అంటారు. 'మ్నే' అంటే 'నాకు'. చలేసినా, నచ్చినా, విసుగొచ్చినా వాళ్ళకీ 'నాకు'తోనే మొదలు. ఇంగ్లీషువాడు మాత్రం 'ఐ' అంటాడు. మన దగ్గర పుస్తకం 'ఉంటుంది', వాళ్ళ దగ్గరా 'ఉంటుంది'. ఇంగ్లీషువాడు దాన్ని 'హావ్' చేస్తాడు. "ఎవరూ ఏమీ చెప్పలేదు" అన్నదాన్ని రష్యన్‌లో "నిక్తో నిచివో నే స్కజాల్" అంటారు. నిక్తో, ఎవరూ. నిచివో, ఏమీ. నే స్కజాల్, చెప్పలేదు. మాటకి మాట వరసగా సరిపోయింది కదా! అందుకే రెండు చోట్లా పిల్లలు "నోబడీ డిడ్ నాట్ సే నథింగ్" అని రాసి టీచరు చేత ఎర్రగీత గీయించుకుంటారు.

వంశం లెక్కన చూస్తే రష్యన్ ఇంగ్లీషుకి దూరపు చుట్టం, రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబానివే. మనది ద్రావిడం. అయినా ఇంగ్లీషు ముందు కూర్చున్నప్పుడు రష్యన్ పిల్లవాడు కొన్ని చోట్ల మన పక్క బెంచీవాడే. కొన్ని చోట్ల మనకి పూర్తిగా ఉల్టా. వాళ్ళ అభ్యాసాల పుస్తకాలు రాసినవాళ్ళకి తమ పిల్లవాడు ఎక్కడ తడబడతాడో తెలుసు, అక్కడే ఖాళీ పెట్టారు. మన చేతుల్లో ఉన్న గ్రామర్ పుస్తకాల్లో ఎక్కువ భాగం ప్రపంచంలో ఎవరికైనా అమ్ముకునేలా రాసినవి. పక్కింటివాడి కొలతలతో కుట్టిన చొక్కా మన పిల్లవాడికి తొడిగి, భుజాలు జారిపోతుంటే వీడే సరిగ్గా నిలబడటం లేదని కసురుతున్నాం. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇక మిగతా సమయమంతా ఉదాహరణలు.

రష్యాలో ఇప్పుడు పరాయి భాష రెండో తరగతిలో మొదలవుతుంది. సోవియట్ రోజుల్లో మామూలు బడుల్లో ఐదో తరగతి నుంచి ఉండేది. తొమ్మిదో తరగతి తర్వాత ఒక ప్రభుత్వ పరీక్ష, పదకొండు తర్వాత దేశమంతటికీ ఒకటే పరీక్ష. ఆ రెండోదాన్ని పొట్టిగా యెగే అంటారు. 2009 నుంచి అది దేశమంతా తప్పనిసరైంది, యూనివర్సిటీ సీటు దానిమీదే. మన ఇంటర్, ఎంసెట్ కలిపితే ఎంత టెన్షన్ ఉంటుందో అక్కడి ఇళ్ళలో ఆ ఏడాది అంత టెన్షన్ ఉంటుంది. ఇంగ్లీషు అందులో అందరూ రాయాల్సిన పేపరు కాదు, కావలసినవాళ్ళు ఎంచుకుంటారు.

మా పక్క ఫ్లాట్‌లో ఆరో తరగతి అమ్మాయి ఉండేది. వాళ్ళమ్మకి డ్యూటీ ఉన్న సాయంత్రాలు మా ఇంట్లో కూర్చుని హోంవర్క్ చేసుకునేది. ఆ నోటుబుక్కు నాకు బాగా గుర్తు. లేతాకుపచ్చ అట్ట, పద్దెనిమిది కాగితాలు, అంతే. పేజీ పైన తేదీ అంకెల్లో రాస్తే ఒప్పుకోరు, ఇంగ్లీషులో మాటల్లో రాయాలి, వారంతో సహా. దాని కింద 'హోంవర్క్' అని మధ్యలో. తర్వాత అభ్యాసం నంబరు. దీనికి తోడు పదాల నోటుబుక్కు వేరే. అందులో మూడు నిలువు గడులు: మొదటిదాంట్లో ఇంగ్లీషు మాట, రెండోదాంట్లో చదరపు బ్రాకెట్ల మధ్య దాని ఉచ్చారణ, మూడోదాంట్లో రష్యన్ అర్థం. ఉచ్చారణ గడి ఖాళీగా వదిలేస్తే టీచరు సంతకం పెట్టదు.

వ్యాకరణం అభ్యాసాల్లో రారాజు లాంటిది ఒకటుంది: "రస్‌క్రోయ్‌తె స్కోబ్కి". బ్రాకెట్లు విప్పండి అని. లెక్కల్లోనూ వాళ్ళు ఇదే మాట వాడతారు. క్రియని దాని అసలు రూపంలో బ్రాకెట్లో పెట్టి ఇస్తారు, పిల్లవాడు సరైన కాలంలోకి మార్చి వాక్యమంతా తిరగరాయాలి. "ఐ (టు గో) టు స్కూల్ ఎవ్రీ డే." దాని కిందే "ఐ (టు గో) టు స్కూల్ నౌ." ఆ తర్వాత అదే వాక్యం 'ఎస్టర్డే'తో, 'టుమారో'తో. మళ్ళీ కర్త మారుతుంది, 'షి' వస్తుంది, ప్రశ్న వస్తుంది, వ్యతిరేకం వస్తుంది. ఒక్కో అభ్యాసానికి ఇరవై, ముప్ఫై వాక్యాలు. చూసేవాళ్ళకి విసుగే.

అందులో మొదటి రెండు వాక్యాలు ఎందుకు పక్కపక్కన పెట్టారో చూడండి. రష్యన్‌లో "యా చితాయు" అంటే 'నేను చదువుతాను' అనీ అర్థమే, 'చదువుతున్నాను' అనీ అర్థమే. రెండిటికీ ఒకటే రూపం. కాబట్టి ఆ పిల్లవాడు ఇప్పుడు జరుగుతున్న పనికి కూడా "ఐ రీడ్ నౌ" అంటాడు. 'ఇంగ్' పెట్టాలని వాడికి తట్టదు. ఆ 'ఇంగ్' తట్టేలా చేయడానికే 'నౌ' ఉన్న వాక్యాలు గుప్పిస్తారు.

మరి మన పిల్లల సంగతో? మనవాళ్ళకి 'చదువుతున్నాను' అనే రూపం పుట్టుకతోనే ఉంది. దానికి జోడీ దొరికిందన్న సంతోషంలో కనపడ్డ ప్రతి క్రియకీ 'ఇంగ్' తగిలిస్తారు. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్", "ఐ యామ్ నాట్ నోయింగ్". పిల్లల మాట దేవుడెరుగు, మన స్టాఫ్ రూముల్లో రోజూ వినపడేవే. వీళ్ళకి కావలసింది 'ఇంగ్' ఎక్కడ పెట్టకూడదో నేర్పే అభ్యాసం. బ్రాకెట్లో 'టు హావ్', 'టు నో', 'టు వాంట్', 'టు బిలాంగ్' లాంటివి పెట్టి, వాక్యం చివర 'నౌ' అని ఊరించి, అయినా 'ఇంగ్' పెట్టకుండా ఆగగలడా లేదా అని పరీక్షించాలి. అభ్యాసం రూపం అదే, వేసే ఎర మారాలి.

"నేను పదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను" కూడా ఇలాంటిదే. రష్యన్‌లోనూ వర్తమానంలోనే చెప్తారు. వాళ్ళవాడు "ఐ లివ్ హియర్ టెన్ ఇయర్స్" అంటాడు, మనవాడు "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అంటాడు. గొయ్యి ఒకటే, పడే తీరు వేరు.

ఆర్టికల్స్ దగ్గర మాత్రం ఇద్దరం సమానం. రష్యన్‌లో ఆర్టికల్స్ లేవు, తెలుగులో లేవు. వాళ్ళ పుస్తకంలో అభ్యాసం శీర్షిక ఇలా ఉంటుంది: "అవసరమైన చోట ఆర్టికల్ పెట్టండి." ఆ 'అవసరమైన చోట' అన్నదే కీలకం. మన పేపర్లలో నాలుగు ఖాళీలిస్తే నాలుగూ నింపాలి, 'ఎ'నో 'ఆన్'నో 'ద'నో. పిల్లవాడు ఏదో ఒకటి గుద్దేస్తాడు. అక్కడ ఖాళీల్లో కొన్ని ఖాళీగానే వదిలేయాలి. "దిస్ ఈజ్ డాష్ పెన్. ఇట్ ఈజ్ మై డాష్ పెన్. డాష్ పెన్ ఈజ్ ఆన్ డాష్ టేబుల్." రెండో ఖాళీలో ఏమీ రాకూడదు, 'మై' ఉంది కాబట్టి. 'గో టు బెడ్', 'ఎట్ హోమ్', 'బై బస్' లాంటివి మధ్యలో జొప్పిస్తారు. ఏమీ పెట్టకపోవడం కూడా ఒక జవాబేనని పిల్లవాడికి మొదటి రోజే అలవాటవుతుంది.

అక్కడి టీచర్లు చెప్పే చిట్కా మనకీ పనికొస్తుంది. ఆ నామవాచకం ముందు మన భాషలో 'ఒక' పెట్టి చూడు, అర్థం చెడకపోతే 'ఎ'. 'ఆ' పెట్టి చూడు, కుదిరితే 'ద'. దీన్ని ఇంకా బాగా పట్టించేవి జంట వాక్యాలు. రష్యన్‌లో మాటల వరస మార్చి చెప్తారు: "గదిలోకి వచ్చాడు అబ్బాయి" అంటే మనకి తెలియని ఎవరో అబ్బాయి, "అబ్బాయి గదిలోకి వచ్చాడు" అంటే మనం మాట్లాడుకుంటున్నవాడే. మొదటిది 'ఎ బాయ్', రెండోది 'ద బాయ్'. ఈ రెండు రష్యన్ వాక్యాలూ పక్కపక్కన ఇచ్చి ఇంగ్లీషులోకి మార్చమంటారు. పిల్లవాడు తన భాషని తనే మొదటిసారి గమనిస్తాడు.

ఇప్పుడు చదవడం సంగతి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, గంట కొట్టకండి.

రష్యన్ పిల్లవాడు ఒకటో తరగతిలో తన అక్షరాలు నేర్చుకుని, రెండో తరగతిలో ఇంగ్లీషు అక్షరాల ముందు కూర్చుంటాడు. రెండిట్లోనూ ఒకేలా కనిపించే అక్షరాలు బోలెడు, పలుకుబడి వేరు. ఇంగ్లీషు 'పి' ఆకారం వాళ్ళకి 'ర'. 'హెచ్' ఆకారం 'న'. 'సి' ఆకారం 'స'. 'బి' పెద్దక్షరం 'వ'. కాబట్టి పెద్దక్షరాల్లో 'క్యాప్' అని రాసి చూపిస్తే పిల్లవాడు ధైర్యంగా 'సార్' అని చదువుతాడు. 'హ్యాట్' చూపిస్తే 'నాత్' అంటాడు. చేతిరాతలో ఇంకో తంటా: వాళ్ళ గొలుసుకట్టు 'త' అచ్చం ఇంగ్లీషు 'ఎమ్' లాగుంటుంది, 'ద' ఏమో 'జి' లాగా. అందుకే మొదటి ఏడాది అభ్యాసాల్లో రెండు లిపుల అక్షరాలూ కలిపేసి, ఇంగ్లీషు మాటలకి మాత్రమే సున్నా చుట్టమంటారు. మనకి ఆ బెడద లేదు. 'క'ని చూసి 'కె' అనుకునే ప్రమాదం ఏ తెలుగు పిల్లవాడికీ రాదు.

ఉచ్చారణలో కూడా ఎవరి చిక్కు వాళ్ళది. రష్యన్‌లో మాట చివర 'గ', 'ద', 'బ' వస్తే 'క', 'త', 'ప' అయిపోతాయి. అందుకని వాళ్ళకి 'బ్యాగ్', 'బ్యాక్' ఒకేలా వినిపిస్తాయి. మనమేమో చివర ఒక 'ఉ' చేర్చి 'బ్యాగు' అంటాం. 'షిప్', 'షీప్' తేడా వాళ్ళకి నరకం, హ్రస్వ దీర్ఘాలతో అర్థం మారడం రష్యన్‌లో లేదు. మన పిల్లలకి అది మంచినీళ్ళ ప్రాయం: 'పడు', 'పాడు' తెలిసినవాడికి 'షిప్', 'షీప్' ఎంతలో పని? కానీ విదేశీ పుస్తకంలో ఉందని మనమూ ఒక పీరియడంతా షిప్పులూ షీపులూ చదివిస్తాం. 'వెస్ట్', 'వెట్' లాంటి మాటల్లో 'డబ్ల్యూ'కీ 'వి'కీ తేడా చెప్పడానికి మాత్రం పీరియడు దొరకదు. అక్కడ వాళ్ళకీ మనకీ ఒకటే జబ్బు, ఇద్దరికీ ఉన్నది ఒక్క 'వ'.

రష్యన్ టీచర్లు ఇంగ్లీషు స్పెల్లింగుని చదివించే పద్ధతి ఒకటుంది, దాన్ని నాలుగు రకాల సిలబుళ్ళు అంటారు. గోడమీద పట్టిక వేలాడుతూ ఉంటుంది. అడ్డంగా అచ్చులు, నిలువుగా నాలుగు రకాలు. 'ఎ' అక్షరాన్ని తీసుకోండి. తెరుచుకున్న సిలబుల్‌లో, అంటే అచ్చుతో ముగిసేదాంట్లో, దాని పేరుతోనే పలుకుతుంది: 'నేమ్'. చివర పలకని 'ఇ' ఉంటే దాన్నీ ఇందులోనే లెక్కేస్తారు. హల్లుతో మూసుకుపోతే 'క్యాట్'. పక్కన 'ఆర్' వస్తే 'కార్'. 'ఆర్' తర్వాత 'ఇ' కూడా వస్తే 'కేర్'. నాలుగు మెట్లు: నేమ్, క్యాట్, కార్, కేర్. అలాగే 'ఒ' అక్షరానికి నోట్, నాట్, నార్త్, మోర్. కొత్త మాటలు గుంపుగా ఇచ్చి వీటిని నాలుగు గడుల్లో సర్దండి అంటారు. అర్థం తెలియక్కర్లేదు, సర్దితే చాలు. మినహాయింపులు చాలానే ఉన్నాయి, వాటిని వేరే జాబితాలో రాయిస్తారు. మన దగ్గర 'సి ఎ టి క్యాట్' అని స్పెల్లింగు కంఠతా పట్టిస్తాం, కొత్త మాట కనపడగానే పిల్లవాడు మన ముఖం చూస్తాడు. ఆ పట్టికతో చదివిన ఎనిమిదేళ్ళ పిల్ల కనీసం ఒక ప్రయత్నం చేస్తుంది.

లెవ్ షెర్బా అని ఒక పెద్ద భాషావేత్త ఉండేవాడు, 1880లో పుట్టి 1944లో పోయాడు. పరాయి భాష నేర్చుకోవడం గురించి గట్టిగా ఆలోచించినవాడు. మాతృభాషని తరగతి గదిలోంచి వెళ్ళగొట్టగలరేమో గాని పిల్లవాడి బుర్రలోంచి వెళ్ళగొట్టలేరు, కాబట్టి దాన్ని బయటపెట్టి పోల్చి చూపించడమే మేలు అన్నది స్థూలంగా ఆయన వాదం. ఇంకో తేడా కూడా చెప్పాడు: మాట్లాడటానికీ రాయడానికీ కావలసిన వ్యాకరణం వేరు, చదివి అర్థం చేసుకోవడానికి కావలసిన వ్యాకరణం వేరు. విద్యార్థులకి ఆయన ఒక వాక్యం ఇచ్చేవాడట: "గ్లోకయ కూజ్ద్ర ష్తేక బుద్లనూల బోక్ర..." ఇలా సాగుతుంది. ఇందులో మూలధాతువులన్నీ కల్పితం, ప్రత్యయాలు మాత్రం నికార్సైన రష్యన్. తెలుగులో నేనొకటి అల్లాను, వినండి. "జిలకటి మిడక దిటుకుగా నొబరుణ్ణి టమికించింది, ఇప్పుడు నొబరు పిల్లని లుడుస్తోంది." (నవ్వులు) నవ్వండి, పర్లేదు. కానీ టమికించింది ఎవరు? మిడక. ఎలాంటి మిడక? జిలకటిది. ఎవర్ని టమికించింది? నొబరుణ్ణి. ఎలా? దిటుకుగా. ఏ పని అయిపోయింది, ఏది ఇంకా సాగుతోంది? చూశారా, అన్నీ చెప్పేస్తున్నారు! డిక్షనరీ తెరవకుండా.

యెగే పరీక్షలో చదివే భాగం ఈ సూత్రం మీదే నడుస్తుందనిపిస్తుంది నాకు. ఒక పాఠ్యంలోంచి ఆరు వాక్యభాగాలు పీకేసి కింద ఏడు ఇస్తారు. ఒకటి ఎక్కువ. ఏది ఎక్కడ అతుకుతుందో తేల్చాలి. 'హూ'తో మొదలయ్యే ముక్కకి ముందు మనిషి ఉండాలి. ఖాళీకి ముందు ఏకవచన కర్త ఉండి, ముక్క 'వర్'తో మొదలైతే అది అక్కడిది కాదు. మాటల అర్థం సగం తెలియకపోయినా వ్యాకరణం పట్టుకుని బయటపడొచ్చు. తొమ్మిదో తరగతి తర్వాతి పరీక్షలో ఇంకోటి నాకు నచ్చింది: పాఠం చదివి, కింద వాక్యం 'నిజం', 'అబద్ధం', 'పాఠంలో చెప్పలేదు' అని మూడింట్లో ఒకటి తేల్చాలి. ఆ మూడోది వజ్రం. పాఠంలో ఉన్నదీ తన బుర్రలో ఉన్నదీ వేరు చేసుకోవడం దాంతోనే వస్తుంది.

ఇదంతా విని అక్కడ అంతా బంగారమనుకోకండి. సోవియట్ కాలంలో ఉద్యోగానికి నింపే ఫారాల్లో పరాయి భాష వస్తుందా అని ఒక గడి ఉండేది. లక్షలమంది అందులో ఒకటే రాసేవారు: "డిక్షనరీ సాయంతో చదివి అనువదించగలను." అది సిగ్గుపడి రాసింది కాదు, చదువు ఉద్దేశమే అది. కాలేజీల్లో ఇంగ్లీషు పాస్ కావాలంటే 'వేలు' అప్పజెప్పాలి. అంటే ఇన్ని వేల అక్షరాల సాంకేతిక వ్యాసం చదివి టీచరు ముందు అనువదించి చూపించాలి. విదేశీయుణ్ణి కలిసే అవకాశమే లేని ఇంజనీరుకి జర్నల్ చదవడం వస్తే చాలు. కాబట్టి చదవడం వచ్చింది, నోరు రాలేదు.

నోటికి వచ్చింది 'టాపిక్'. కంఠస్థం చేసి అప్పజెప్పే వ్యాసం. "లండన్ ఈజ్ ద కాపిటల్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్" అన్న వాక్యం అక్కడ ఏ నడివయసు మనిషిని కదిపినా వస్తుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది. బడి ఇంగ్లీషు అంతటికీ అదొక వేళాకోళం పేరైపోయింది. మన 'కౌ ఎస్సే' లాగానే అనుకోండి. ఇక ప్రతి పుస్తకానికీ జవాబుల పుస్తకం దొరుకుతుంది, ఇప్పుడైతే ఫోన్లోనే. బ్రాకెట్లు విప్పడం మానేసి విప్పినవి ఎక్కించుకునే పిల్లలు అక్కడా తక్కువేం లేరు. గైడ్లు కనిపెట్టింది మనమే అనుకునేవాళ్ళకి ఇది కాస్త నిరాశ.

మనం తీసుకోవాల్సింది అన్నారుగా. నా ఓటు తిరుగు అనువాదానికి. ఇంగ్లీషు పీరియడులో తెలుగు వినపడితే తప్పు అన్న భయం ముందు వదిలేయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ప్రాంతం నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వస్తున్నాయి, తర్వాత తెలంగాణలోనూ వచ్చాయి. సైన్సు పుస్తకంలో ఐదు తెలుగు వాక్యాలు తీసుకోండి. ఎదురు పేజీ మూసేసి ఇంగ్లీషులో రాయమనండి. తర్వాత తెరిచి పోల్చుకోమనండి. 'ఈజ్' ఎక్కడ పోయింది, 'ద' ఎక్కడ పోయింది, వాడికే కనపడుతుంది. పైసా ఖర్చు లేదు.

(సభలో నుంచి ప్రశ్న: మేడమ్, ఇవన్నీ రాయడానికే కదా, మాట్లాడించేదెలా?)

మంచి ప్రశ్న. ఈ అభ్యాసాలు మాట్లాడించవండీ, ఒప్పుకుంటున్నాను. మాట్లాడేటప్పుడు చేసే తప్పుల్లో కొన్నిటిని ముందే కాగితం మీద దొరకబుచ్చుకుంటాయి, అంతవరకే. వాళ్ళ పద్ధతిలో ఒకటి మాత్రం నోటితో చేయించొచ్చు. ఒక వాక్యం చెప్పి, అందులో ఒక్కో మాటకీ ప్రశ్న వేయించడం. "మై సిస్టర్ బాట్ ఎ సారీ ఇన్ గద్వాల్." ఎవరు కొన్నారు? ఏం కొంది? ఎక్కడ కొంది? ఇంగ్లీషులో అడగాలి, వరసగా, ఒక్కో బెంచీ ఒక్కోటి. 'హూ బాట్' అన్నప్పుడు 'డిడ్' రాదు, 'వాట్ డిడ్ షి బై' అన్నప్పుడు వస్తుంది. తెలుగులో ప్రశ్నకి అలాంటి సాయం అక్కర్లేదు కాబట్టి పిల్లలు అక్కడే జారతారు. రష్యన్ పిల్లలూ అక్కడే జారతారు.

మీకు పంచిన కాగితం వెనక పది తెలుగు వాక్యాలున్నాయి. ఇంగ్లీషులోకి మార్చండి, పదినిమిషాలు. పక్కవాళ్ళ కాగితం చూడకండి. ఏడో వాక్యంలో ఆర్టికల్ ఎక్కడా రాదు, ముందే చెప్పేస్తున్నాను.